పడవకు ఆగ్నేయ మూల

మా మామయ్య రామచంద్రయ్య గారికి నది మీద ఏ అనుభవమూ లేదు. అందుకే పుష్కరాల ఏడాది కృష్ణ మీద రేవు వేలంపాట ఆయనకు వచ్చినప్పుడు, ఎవరి సలహా అడగవలసిన అవసరమూ ఆయనకు కనిపించలేదు. మిర్యాలగూడలో ఇరవై ఏళ్ళుగా బియ్యం మిల్లు నడుపుతున్న మనిషికి పడవ ఒక లెక్కా? మిల్లులో బస్తాలు ఎక్కించాలి, రేవులో మనుషుల్ని ఎక్కించాలి. మనుషులు వాళ్ళంతట వాళ్ళే నడిచి ఎక్కుతారు కాబట్టి ఇది ఇంకా సులువు.

పన్నెండు రోజులూ జనం ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ తిరుగుతూనే ఉంటారని, పగటి పూట సరిపోదని, రాత్రి పది దాకా పడవ నడపడానికి అనుమతి తెచ్చారు. ఆ కాగితంలో ఒక్కటే షరతు. పడవకు తగినంత వెలుతురు ఉండవలెను. ఎంత ఉంటే తగినంత అవుతుందో, అది ఎక్కడ ఉండాలో రాసినవాళ్ళకూ తెలిసినట్టు లేదు. అది తేల్చడానికి మా ఇంటి హాల్లో మూడు సాయంత్రాలు మీటింగు జరిగింది. నేను టీలు అందించాను.

మొదటి రోజు మావారు లారీ హెడ్‌లైటు అన్నారు. అనడమే కాదు, మిల్లు లారీ నుంచి లైటూ బ్యాటరీ ఊడదీయించి పెరట్లో వెలిగించి చూపించారు. ఎదుటి గోడ మీద పాకుతున్న బల్లి మీసాలు కూడా కనబడ్డాయి. బల్లికి మీసాలు ఉండవని అన్నాను కాని ఎవరూ వినలేదు. అర్ధరాత్రి దాకా వచ్చిన వాళ్ళందరికీ చూపించినందువల్ల, తెల్లవారి అరవై బస్తాలు ఎక్కించిన లారీ స్టార్టు కాలేదు. ఆ ఆలోచన అంతటితో ఆగిపోయింది.

రెండో రోజు పెట్రోమాక్స్ నెగ్గింది. పెళ్ళి ఊరేగింపులో అది ఎంత బాగా వెలుగుతుందో అందరూ చూసినవాళ్ళే. పెళ్ళికొడుకు మొహం చూపించే దీపం నీళ్ళలో బండను చూపించదా అని అందరూ తలలూపారు. బండ పెళ్ళికొడుకులా పూలదండ వేసుకుని గుర్రం మీద రాదు కదా అన్నది ఎవరికీ తోచలేదు.

మూడో రోజు, ఎక్కడ పెట్టాలన్నది. దానికి సిద్ధాంతి గారిని పిలిపించారు. మా మిల్లు బాయిలరు ఎక్కడుండాలో చెప్పింది ఆయనే. మా వంటిల్లు ఎక్కడుండాలో చెప్పిందీ ఆయనే. ఆరేళ్ళుగా పొగ బయటికి పోయే దారి లేని ఆ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూ నేను ఆయన్ని రోజుకు రెండు పూటలా తలుచుకుంటూనే ఉన్నాను.

"అగ్ని ఉండవలసింది ఆగ్నేయంలో," అన్నారు సిద్ధాంతి గారు. "ఇల్లు కానీ, మిల్లు కానీ, పడవ కానీ."

"అంతే. గిండ్ల ఇగ మాటేమున్నది?" అన్నారు మామయ్య.

నేను టీ గ్లాసు అందిస్తూ నోరు జారాను. "పడవ తిరుగుతది కదా మామయ్యా. పోయేటప్పుడు దక్షిణం మొహం, వచ్చేటప్పుడు ఉత్తరం మొహం. ఆగ్నేయం ఒక్కచోట ఎట్లుంటది?"

అందరూ టీ గ్లాసులు దించి నా వైపు చూశారు. హైదరాబాదులో బి.ఎస్సీ. చదివిన కోడలు నోరు విప్పితే మా ఇంట్లో ఎప్పుడూ ఇదే చూపు. సిద్ధాంతి గారు మాత్రం చిరునవ్వు నవ్వారు.

"తిరగనీ అమ్మా. దీపాన్ని కూడా తిప్పుదాం."

అలా మిల్లు హమాలీ లింగయ్యకు కొత్త ఉద్యోగం దొరికింది. వెదురు గడకు వేలాడే పెట్రోమాక్స్‌ను పోయేటప్పుడు పడవ ముందు ఎడమ మూలన నిలబెట్టాలి. వచ్చేటప్పుడు వెనక కుడి మూలకు మార్చాలి.

*

పుష్కరాల మొదటి రోజు మేమంతా రేవుకు చేరాం. ఒడ్డున మాకు తాటాకుల గుడిసె వేయించారు. పడవ నడిపే ఎర్రయ్య యాభై ఏళ్ళ మనిషి. రేవు పాట ఎవరికి వచ్చినా పడవ వెనక కొసన చుక్కాని పట్టేది మాత్రం అతనే. ఇరవై ఆరేళ్ళుగా అంతే. అంతకు ముందు అతని తండ్రి.

పడవ ముందు కొసన ఒక పెద్ద మట్టి కాగు అడ్డంగా పడుకోబెట్టి ఉంది. మూతి నది వైపు. పైన పొగ పోవడానికి చిల్లు. లోపల లాంతరు. అది చూసి మా అత్తమ్మ కన్యకమ్మ గారు గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"కుండల నిప్పు వట్టుకొని ముందల పోయేది ఎప్పుడో నీకు ఎరుక లేదా ఎర్రయ్యా? ఎనక మేమంతా పాడె మీద పండుకున్నమా?"

"నీళ్ళ మీద గట్లాంటి పట్టింపు లేదమ్మా," అన్నాడు ఎర్రయ్య. "మా తాత కాలం సంది గిదే దీపం."

"మీ తాత ఉన్నడా ఇప్పుడు?"

"లేడమ్మా."

"మరి? సూసినవా?" అన్నారు అత్తమ్మ.

లింగయ్య కాగును ఎత్తి ఒడ్డున రాయికేసి పగలగొట్టాడు. కుండ పగలగొట్టడం కూడా సరిగ్గా ఆ సందర్భంలోనే చేసే పని అని ఎవరికీ గుర్తు రాలేదు. సిద్ధాంతి గారు పడవ మీద పసుపు నీళ్ళు చల్లారు.

పొద్దు గుంకుతుండగా మొదటి రాత్రి పడవ బయల్దేరింది. ఇంటివాళ్ళం ఆరుగురం, ఇంకో ముప్పై మంది. పెట్రోమాక్స్ ముందు ఎడమ మూలన మనిషెత్తు గడకు బుసలు కొడుతోంది. నడుమ సిద్ధాంతి గారు దిక్సూచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎర్రయ్య నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"సేటూ, దీపం జర కిందికి దించుతరా? కండ్లల్ల కొడుతున్నది."

"కండ్లల్ల కొట్టకపోతే దీపం ఎందుకురా?" అన్నారు మామయ్య.

ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగు ఉండబట్టి ఆ ఒడ్డుకు చేరాం. స్నానాలు, దండాలు అయ్యేసరికి చీకటి పడింది. తిరుగు ప్రయాణంలో లింగయ్య దీపాన్ని వెనక కుడి మూలకు, అంటే ఎర్రయ్య కుడి చెవి దగ్గరికి తెచ్చాడు.

వెలుతురుకు మాత్రం ఏ లోటూ లేదు. ముప్పై ఆరు మంది మొహాలూ స్పష్టంగా కనిపించాయి. నా చీర అంచుకు దారం ఊడిందని అత్తమ్మ కనిపెట్టారు. పడవ చెక్కల మధ్య చీమల బారు కూడా కనిపించింది. కనిపించనిది నది ఒక్కటే. పడవ అంచు దాటితే తారు పూసిన గోడలా ఉంది.

పడవ తిన్నగా పోదు. వరద ఉన్న రోజుల్లో ముందు ఎగువకు వాలుగా ఎక్కి, తర్వాత దిగువకు జారుతూ ఒడ్డు చేరుతుంది. నడి నదిలో ఎర్రయ్య పడవ ముక్కు తిప్పేసరికి సిద్ధాంతి గారు దిక్సూచి మీదికి వంగారు.

"తప్పింది! ఆగ్నేయం తప్పింది! లింగయ్యా, జర ఇటు. ఇంకా. ఇంకా జర!"

లింగయ్య గడ ఎత్తుకుని జనం మోకాళ్ళ మధ్య నుంచి నడిచాడు. దీపం ఊగింది. పడవ ఒరిగింది. ఆడవాళ్ళు గోవిందా అన్నారు. దీపం ఎర్రయ్య కళ్ళ ముందు నుంచి ఊయలలా పోయి వచ్చింది. అప్పుడే కింద కరకరమని చప్పుడు.

గొర్రెబండ. నడి నదిలో నీళ్ళ కింద జానెడు లోతున గొర్రె వీపులా ఉంటుందట. ఒక చెక్క పగిలి చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. అత్తమ్మ వెండి కుంకుమ భరిణ కృష్ణలో పడింది. చెంబులతో, చేతులతో నీళ్ళు తోడుకుంటూ ఎలాగో ఒడ్డున పడ్డాం.

మామయ్య పంచె పిండుకుంటూ తీర్పు చెప్పారు. "గింత వెలుతురు పెట్టినా బండ కనపడలేదంటే నీ కండ్లు పోయినట్టే ఎర్రయ్యా. రేపు రాత్రి ఒక్కటే సూస్త. ఇంకోసారి తాకిందా, చుక్కాని భిక్షపతికి ఇస్త. నువ్వు ఇంటికాడ కూసో."

భిక్షపతి మా లారీ డ్రైవరు. అతను చెరువులో కూడా పడవ ఎక్కిన మనిషి కాదు. అయినా లారీ స్టీరింగుకూ పడవ చుక్కానికీ పెద్ద తేడా ఏముంటుందని మామయ్య అభిప్రాయం.

*

తెల్లవారి నేను గుడిసె గుమ్మంలో చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. మా మిల్లు బియ్యంలో రాళ్ళుండవని మామయ్య నమ్మకం. రోజూ చారెడు రాళ్ళు ఏరి అవతల పోయడం నా పని. ఇద్దరం ఒకరి నమ్మకానికి ఒకరం అడ్డుపడం.

ఎర్రయ్య పగిలిన చెక్క సందుల్లో కూరడానికి పాత గుడ్డలు అడగడానికి వచ్చాడు. రాత్రి నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి. గుడ్డలిచ్చి అడిగాను.

"ఎర్రయ్యా, ఇన్నేండ్లు రాత్రిపూట నీకు ఆ బండ ఎట్ల కనపడేది?"

"బండ ఏడ కనపడతదమ్మా? అది నీళ్ళల్ల ఉంటది. దాని మీద నీళ్ళు ముడత పడతయి. దీపం కిందికి, నీళ్ళ దగ్గర ఉంటే గా ముడతకు నీడ పడతది. నీడ సూసి తిప్పుత. దీపం నెత్తి మీద ఉంటే నీడ ఏడిది? కండ్ల ముందల ఉంటే ఇగ పొద్దు పొడిసినట్టే, ఏం కనపడదు."

"ఈ మాట మామయ్యకు చెప్పినవా?"

"సెప్పిన. సేటు ఏమన్నడు? చిన్న దీపానికి కనపడ్డది పెద్ద దీపానికి కనపడదా, నన్ను ఎర్రోన్ని చేస్తున్నవా అన్నడు." గుడ్డలు చేతిలో నలుపుతూ ఆగాడు. "ఇరవై ఆరేండ్లల్ల ఒక్కసారి తాకలేదమ్మా. ఇయ్యాల లారీ డ్రైవరుకు ఇచ్చి ఇంటికాడ కూసొమ్మంటే, నా పెండ్లాం బక్కమ్మకు మొహం ఎట్ల సూపియ్యాలె? గాయన నలబై మందిని ముంచుతడు. గప్పుడు కూడ నా రేవే అంటరు."

అతను వెళ్ళాక చాట వంక చూశాను. మా వంటింట్లో నడినెత్తిన వంద క్యాండిల్ బల్బు ఉంది. దాని కింద ఏరిన రోజు అన్నంలో రాయి పంటి కింద పడడం ఖాయం. తెల్ల బియ్యం, తెల్ల రాయి, ఎటు చూసినా ఒకే తెలుపు. కరెంటు పోయి, లాంతరు నేల మీద పెట్టుకుని ఏరిన రోజు మాత్రం ప్రతి రాయీ తన పక్కన ఒక నల్లటి చుక్క వేసుకుని నేనిక్కడున్నానని చెబుతుంది. లాంతరుకూ నా కళ్ళకూ నడుమ ఏదైనా అడ్డం పెట్టుకుంటే ఇంకా బాగా చెబుతుంది. దీనికి బి.ఎస్సీ. కూడా అక్కరలేదు.

కాని మామయ్యకు ఈ మాట ఇలా చెప్పి లాభం లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి మిల్లు బెల్టు ఎందుకు జారుతోందో చెప్పాను. బెల్టు ఇప్పటికీ జారుతూనే ఉంది. నేను చెప్పిన సంగతి మాత్రం చుట్టాలందరికీ చేరింది. అందుకని అన్నాలు తినే వేళ దాకా ఆగి, సిద్ధాంతి గారి విస్తట్లో రెండోసారి నెయ్యి వేసి, మొదలుపెట్టాను.

"మామయ్యా, నిన్న ఒక పొరపాటు చేసినం. పుష్కరాలల్ల నడి నీళ్ళల్లకు పోయినం కాని, కృష్ణమ్మకు హారతి ఇయ్యలేదు."

ఇది అబద్ధం కాదు. నిజంగానే ఇవ్వలేదు.

అత్తమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అందుకేనే నా భరిణ తీసుకున్నది!" కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. "మా అమ్మ ఇచ్చిన భరిణ! ఏమండీ, ఇన్నరా?"

"ఇన్న, ఇన్న. అయితే ఇయ్యాల ఇద్దాం. దానికేమున్నది?"

"పడవ నడిచినంత సేపూ ఇయ్యాలె మామయ్యా. ముందు కొసన, నీళ్ళకు దగ్గర, దీపం పెట్టి," అన్నాను. "వెనక తాంబాలం నిలబెట్టాలె. హారతి వెలుగు అమ్మవారి మొహాన పడాలె కాని మన మొహాన పడొద్దు కదా."

సిద్ధాంతి గారు నెయ్యి అన్నం కలుపుతూ అడ్డుపడ్డారు. "ముందు కొస ఆగ్నేయం కాదమ్మా."

"ఆగ్నేయంల పెట్రోమాక్స్ ఉండనే ఉంటది సిద్ధాంతి గారూ. అయితే గుడిల హారతి ఇచ్చేటప్పుడు మిగతా దీపాలు తగ్గిస్తరు. మీకు తెలియంది కాదు. ఇంత పెద్ద హారతి మీరు తప్ప ఇంకెవరు చేయిస్తరు?"

సిద్ధాంతి గారు ఎడమ చేతి వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. ఇంకా పదకొండు రోజులు, నడి కృష్ణలో, జనం అందరి ముందూ హారతి. శాస్త్రంలో దానికి అభ్యంతరం దొరకలేదు.

*

నా పెళ్ళి తాంబాలం ఇత్తడిది, జల్లెడంత ఉంటుంది. పూజలకని వెంట తెచ్చుకున్నదే. మధ్యాహ్నం దాన్ని చింతపండుతో తోమి అద్దంలా చేశాను. అత్తమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టారు. నేను వెలుగు తగిలే చోట ఉన్న బొట్లు మాత్రం తుడిచి అంచుకు మార్చాను.

సందె వేళ పడవ ముందు కొసన లాంతరు, దాని వెనక తాంబాలం కట్టించి, నేను చుక్కాని దగ్గర, ఎర్రయ్య కళ్ళెత్తుకు వంగి నిలబడ్డాను. మంట కొస తాంబాలం పైనుంచి కనబడుతోంది.

"నాలుగు వేళ్ళు ఎత్తు," అన్నాను. ఎర్రయ్య తాంబాలాన్ని కట్టిన తీగ సడలించి ఎత్తాడు. ఈసారి మంట కనబడలేదు కాని, ముందు కొసన నూనె రాసిన చెక్క మెరుస్తోంది. దాని మీద తడి గోనెసంచి పరిపించాను. లాంతరును ఇంకో జానెడు కిందికి, నీళ్ళ వైపు వేలాడదీయించాను. అప్పుడు చూస్తే పడవ మొత్తం చీకటి. ఎదర నీళ్ళ మీద మాత్రం పది బారల దూరం దాకా వెలుగు చాపలా పరుచుకుంది. ఒక్కొక్క అల వెనకా ఒక్కొక్క గీత.

ఎర్రయ్య నా పక్కకొచ్చి చూశాడు. మొదటిసారి నవ్వాడు. "గిది నా కుండనే కదమ్మా!"

"కాదు ఎర్రయ్యా. హారతి," అన్నాను.

ఆ రాత్రి నలభై మంది ఎక్కారు. మామయ్య నది వైపు చూడలేదు. ఎర్రయ్య వైపు తిరిగి కూర్చున్నారు. భిక్షపతి ఎర్రయ్య పక్కనే పాన్ నములుతూ, పిలుపు రాగానే లేవడానికి సిద్ధంగా ఉన్నాడు. వెనక కుడి మూలనో ముందు ఎడమ మూలనో, లింగయ్య ఆర్పేసిన పెట్రోమాక్స్ పట్టుకుని నిలబడ్డాడు. ఆర్పినా అది ఆగ్నేయంలోనే ఉండాలి కదా.

"గిదేం చీకటిరా నాయినా!" అంది ఒక ముసలమ్మ. "గిట్ల మొహం మొహం కనపడకుండ తీస్కపోతవా? నా పక్కన కూసున్నది నా కోడలేనా?"

"నేనే అత్తా."

"అయితే చీకటే మంచిగున్నది, పోనియ్," అంది ముసలమ్మ. పడవంతా నవ్వింది.

సిద్ధాంతి గారు ముందు కొసన మంత్రాలు మొదలుపెట్టారు. హుషారులో లేచి నిలబడబోతే, "కూసో అయ్యగారూ, నీళ్ళకు అడ్డమొస్తున్నవు," అని ఎర్రయ్య అరిచాడు. చుక్కాని పట్టిన తర్వాత ఎర్రయ్య గొంతు అలా ఉంటుందని అప్పుడే తెలిసింది. సిద్ధాంతి గారు కూర్చున్నారు.

నడి నది దగ్గరైంది. నా కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. గీతలన్నీ ఒకే వైపు వాలి వరుసగా వస్తున్నాయి. కుడి పక్కన ఒకచోట మాత్రం వరుస చెదిరింది. కొడవలి వంపంత నల్లటి నీడ, కదలకుండా. నేను చెప్పబోయేలోపే ఎర్రయ్య ఒళ్ళంతా చుక్కాని మీద వాల్చాడు. పడవ ముక్కు మెల్లగా ఎడమకు జరిగింది. నీడ రెండు బారల దూరం నుంచి, ఎవరినీ పలకరించకుండా వెనక్కి వెళ్ళిపోయింది. సిద్ధాంతి గారి మంత్రం తెగలేదు. ముసలమ్మ కోడలితో పోట్లాట మొదలుపెట్టింది.

కొంతసేపటికి మామయ్య పంచె సర్దుకుని, పడవ అంచు గట్టిగా పట్టుకుని అడిగారు.

"గొర్రెబండ ఇంకా రాలేదా?"

"ఎప్పుడో పోయింది సేటూ," అన్నాడు ఎర్రయ్య.

భిక్షపతి పాన్ నీళ్ళలో ఉమ్మి, కాళ్ళు చాపుకున్నాడు.

*

మిగిలిన పదకొండు రోజులూ పడవ దేన్నీ తాకలేదు. ఆఖరి రోజు సిద్ధాంతి గారికి శాలువా కప్పారు. నడి నదిలో ఆగ్నేయాన్ని నిలబెట్టిన మనిషి ఇంకొకరు లేరని మావారు నలుగురి ముందూ అన్నారు. ఎర్రయ్యను కూడా మామయ్య మరిచిపోలేదు. కళ్ళలో వేసుకోమని దవాఖాన నుంచి చుక్కల మందు తెప్పించి ఇచ్చారు.

"మొదటి రాత్రి నీ కండ్లు మసకబారినయి. ఇప్పుడు మంచిగైనయి. చుక్కాని నీ దగ్గర్నే ఉండనీ. అయినా మందు ఇడిసిపెట్టకు."

"అట్లనే సేటూ," అన్నాడు ఎర్రయ్య.

పది రోజుల తర్వాత అతను మిర్యాలగూడ వచ్చి నా తాంబాలం ఇచ్చి వెళ్ళాడు. మంట వైపు బూడిదతో ఎంత రుద్దినా మసి పోలేదట. బక్కమ్మ మూడు రోజులు తోమిందట. నేను పరవాలేదన్నాను.

"ఇప్పుడు దీపం ఎట్ల మరి?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కొత్త కాగు తెచ్చినమ్మా. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టిన. మీ అత్తమ్మ పోయిన వారం వచ్చి దండం పెట్టుకొని పోయింది."

"పెట్రోమాక్స్?"

"లింగయ్య ఆ మూలకూ ఈ మూలకూ మోస్తనే ఉన్నడు. పాట సంవత్సరం అయ్యేదాక మొయ్యాలన్నడు సేటు."

ఆ సాయంత్రం మిల్లు నుంచి కొత్త బియ్యం వచ్చాయి. తాంబాలాన్ని మసి వైపు గోడకు ఆనించి అల్మారాలో నిలబెట్టి, లాంతరు నేల మీద పెట్టుకుని, దాని ముందు పీట అడ్డం వేసుకుని చాట పట్టుకున్నాను. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి నెత్తి మీది బల్బు వైపు చూపించారు.

"వంద క్యాండిల్ బల్బు పెట్టుకొని గీ గుడ్డి దీపమేందమ్మాయీ? స్విచ్ వెయ్యరాదూ, రాళ్ళు మంచిగ కనపడతయి."

"వద్దు అత్తమ్మా," అన్నాను. "హారతి ఇస్తున్న."